ఊత తీసే ముందు

(ముఖమండప జీర్ణోద్ధరణ సందర్భంగా ఆలయ ప్రాంగణంలో జరిగిన దాతల సమావేశంలో, పనుల పర్యవేక్షణకు స్వచ్ఛంద సేవ అందిస్తున్న విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



గత మాసం స్వామివారి దర్శనం చేసుకొని వెలుపలికి వస్తున్న ఒక వృద్ధురాలు నన్ను ముఖమండపం వద్ద ఆపి ఇలా ప్రశ్నించారు: “నాయనా, ఈ మండపానికి మా ఇంటివారి పేరిట యథాశక్తి సమర్పించుకొన్నాము. దూలం బాగుపడిందని చెబుతున్నారు. మరి ఈ ఇనుప కర్రలు ఇంకా ఎందుకు? ఈ యేడు స్వామివారి కల్యాణం కూడా ఈ కర్రల నడుమనే జరగాలా?”

ఆ తల్లి ప్రశ్నలో భక్తి ఉన్నది, బాధ ఉన్నది, న్యాయమూ ఉన్నది. నిలబడిన చోటనే రెండు మాటల్లో సమాధానం చెప్పడం నాకు సాధ్యం కాలేదు. “అమ్మా, దాతల సమావేశంలో వివరంగా విన్నవించుకొంటాను” అని సెలవు తీసుకొన్నాను. ఇదే ప్రశ్న మీలో అనేకుల మనస్సులో ఉన్నదని నాకు తెలుసు. నేడు ఆ సమాధానమే నా ప్రసంగం.

ఊత చేసే పని

ఊరేగింపులో స్వామివారి పల్లకిని మీరందరూ చూసే ఉంటారు. బోయీలు అలసినప్పుడు పల్లకిని పంగల కర్రలపై ఆనించి కొంతసేపు నిలుపుతారు. తిరిగి బయలుదేరేటప్పుడు వారు మొదట చేసే పని ఏమిటి? కర్రను లాగడం కాదు. ముందుగా భుజాన్ని దండె క్రిందకు చేర్చుతారు. నలుగురూ ఒక్క మాటపై కొంచెం పైకి లేపుతారు. భారమంతా భుజాలకు వచ్చిందని తెలిసిన తరువాతనే కర్ర తమంతట తాముగా వదులైనట్లు చేతికి వస్తుంది. భుజం చేరకముందే ఎవరైనా తొందరపడి ఒక కర్రను లాగివేస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

మండపం క్రింద నిలిపిన ఊతల విషయమూ ఇంతే. ఊత తీయడమంటే ఒక వస్తువును అక్కడి నుండి తొలగించడం కాదు. అది మోస్తున్న భారాన్ని మరొకరి భుజానికి అప్పగించడం. అప్పగింత పూర్తి అయితే ఊత చేతితో వస్తుంది. అప్పగింత పూర్తి కాకపోతే సుత్తితో కొట్టినా రాదు, వచ్చినా ప్రమాదాన్ని వెంటబెట్టుకొని వస్తుంది.

మన మండపంలో ఆ భారం ఎంత? నైరుతి అంకణంలో పగులు కనిపించిన రాతి దూలం పొడవు 12 అడుగులు, వెడల్పు అడుగున్నర, మందం అడుగున్నర. అంటే 27 ఘనపుటడుగుల రాయి. ఘనపుటడుగు నల్లరాయి సుమారు 75 కిలోలు తూగుతుంది. కనుక దూలం ఒక్కటే రెండు టన్నులు. దానిపై ఆనిన కప్పు బండలు అయిదున్నర టన్నులు. బండలపై మన పూర్వులు వాననీరు దిగకుండా వేసిన ఇటుక ముక్కల సున్నపు గచ్చు మరి నాలుగైదు టన్నులు. మొత్తం పన్నెండు టన్నులు, అనగా మూడు పెద్ద ఏనుగుల బరువు. మీరు ప్రదక్షిణం చేస్తూ చూసే ఆ ఇనుప కర్రల తలపై నిలిచి ఉన్నది ఇది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. అక్కడ ఎనిమిది ఊతలు ఉన్నంత మాత్రాన ఎనిమిదీ సమానంగా మోస్తున్నాయని అనుకోరాదు. కొన్ని గట్టిగా మోస్తుంటాయి. కొన్ని కేవలం కాపలాదారుల వలె నిలబడి ఉంటాయి. కంటికి రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. పైగా ఈ పంపకం స్థిరమైనది కాదు. పది అడుగుల ఇనుప స్తంభం ఇరవై డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో సుమారు ముప్పాతిక వంతు సాగుతుంది. నీడలో చల్లగా ఉన్న రాయి అంత సాగదు. అందువల్ల మిట్టమధ్యాహ్నం ఎండ తగిలే ఊత అధిక భారం మోస్తుంది, వేకువన అదే ఊత వదులుగా అనిపిస్తుంది. చెక్క ఊత అయితే తడికి ఉబ్బుతుంది, ఎండకు కుదించుకొని తన భారాన్ని ప్రక్కవానికి నెట్టివేస్తుంది. వేకువన వదులుగా ఉన్నదని తీసివేసిన ఊత మధ్యాహ్నానికి ఎంతో అవసరమైనది కావచ్చును.

నా పాలి తప్పు

ఈ విషయం నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక గ్రామ దేవాలయ మండపం మరమ్మతు పనిని చూడటానికి నన్ను పంపారు. అక్కడ కొత్త రాతి స్తంభం నిలిపారు. సందులలో గానుగ సున్నం దట్టించారు. ఉత్సవానికి నాలుగు రోజులే గడువు. ఊరి పెద్దలు ప్రాంగణం శుభ్రంగా కనిపించాలని పట్టుబట్టారు. సరుగుడు ఊతలను తీసివేయవచ్చునా అని మేస్త్రీ నన్ను అడిగాడు. పైకి చూశాను. స్తంభం నిటారుగా ఉన్నది, సున్నం ఆరినట్లే కనిపించింది. నేను తల ఊపాను.

మేస్త్రీ ఊత క్రింద బిగించిన చెక్క చీలను గూటంతో కొట్టాడు. మొదటి దెబ్బకు కదలలేదు. రెండవ దెబ్బకు కదలలేదు. ఆ మొండితనమే మాకు హెచ్చరిక. భారం లేని చీల రెండు దెబ్బల వరకు ఎదిరించదు. మూడవ దెబ్బకు అది తుపాకి గుండు వలె ఎగిరిపోయింది. ఊత పడింది. దాని భారం క్షణంలో ప్రక్క ఊతపై పడగా అది విల్లు వలె వంగి విరిగింది. పైదూలం నాలుగంగుళాలు కుంగి, మూడవ ఊతపై ఆగింది. ఎగిరిన చీల తగిలి ఒక కూలి కాలు విరిగింది. ఆ మూడవ ఊత కూడా లొంగి ఉంటే ఆ రోజు ఆ కప్పు క్రింద ఉన్న అయిదుగురిలో ఎవరూ మిగిలేవారు కాదు. ఆ అయిదుగురిలో నేనూ ఒకడిని.

తరువాత పరిశీలిస్తే తెలిసింది ఏమిటంటే, సున్నం పైపొర మాత్రమే గట్టిపడింది, లోపల ఇంకా మెత్తగానే ఉన్నది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొంటూ మెల్లగా రాయిగా మారుతుంది. లోతైన సందులలో అందుకు వారాలు కాదు, నెలలు పడుతుంది. కొత్త స్తంభం నిలబడి ఉన్నది గాని భారాన్ని ఇంకా స్వీకరించలేదు. అది పనిలో చేరకముందే పాతవానిని మేము పంపివేశాము. ఆ కూలివాని ముఖం నేటికీ నా కళ్ళ ముందు ఉన్నది. నాటి నుండి, గడువును చూసి ఊతను తీయమని ఎవరు అడిగినా నేను తల ఊపలేదు.

కోణార్క క్షేత్రం చెప్పే పాఠం

అయితే ఊతలను ఎన్నటికీ తీయకుండా ఉంచడం క్షేమమా? అదీ కాదు. దీనికి మన పొరుగున ఉన్న ఒడిశాలోని కోణార్క సూర్యదేవాలయమే నిదర్శనం. 13వ శతాబ్దంలో తూర్పు గాంగ వంశపు మొదటి నరసింహదేవుడు దానిని నిర్మించాడు. గాంగులు మనకు పరాయివారు కారు. శ్రీకాకుళం జిల్లా శ్రీముఖలింగం, విశాఖ చెంతనున్న సింహాచలం వారి భక్తికి సాక్ష్యాలుగా నేటికీ నిలిచి ఉన్నాయి.

కోణార్కలో గర్భగృహంపై నిర్మించిన మహాశిఖరం ఏనాడో కూలిపోయింది. దాని ముందున్న జగమోహనం, అంటే మన భాషలో ముఖమండపం వంటిది, మిగిలింది. దాని ఎత్తు సుమారు 128 అడుగులు. లోపలి కప్పు కమాను కాదు. ఒక వరుస రాళ్ళపై మరొక వరుసను కొంచెం లోపలికి జరుపుతూ పేర్చుకొంటూ పోయిన కట్టడం. పై బరువు క్రింది రాయిని అదిమి పట్టినంత కాలం అది నిలుస్తుంది. బరువు తప్పితే రాళ్ళు లోపలికి జారుతాయి. ఆ జారుడు మొదలయ్యే ప్రమాదం కనిపించినందున, గత శతాబ్ది ఆరంభంలో నాటి బ్రిటిష్ ప్రభుత్వం పైభాగాన రంధ్రం చేసి లోపలంతా ఇసుకతో నింపించి, నాలుగు ద్వారాలను రాతి గోడలతో మూయించింది. 1903 నాటి శిలాఫలకం ఆ సంగతిని నేటికీ తెలియజేస్తున్నది.

ఆనాటికి అది సరైన చికిత్సే. ఆ ఇసుక వల్లనే జగమోహనం మన కాలం వరకు నిలిచిందని చెప్పవచ్చును. 1984లో యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కాని ఇసుక అనేది ఘనమైన రాయి కాదు. కాలక్రమాన అది క్రుంగుతుంది. క్రుంగినప్పుడు పైభాగాన ఖాళీ ఏర్పడుతుంది. అనగా ఊత ఎక్కడ అవసరమో అక్కడ లేకుండా పోతుంది. క్రింది భాగాన మాత్రం అదే ఇసుక గోడలను వెలుపలికి నెడుతూ ఉంటుంది. లోనికి చేరిన చెమ్మ రాతిని తినివేస్తుంది. రక్షకునిగా వచ్చినవాడు క్రమంగా భారంగా మారడమంటే ఇదే.

అందుచేత భారత పురావస్తు సర్వేక్షణ శాఖ లోపలి స్థితిని పరీక్షింపజేసి, 2022లో ఇసుకను తొలగించే పనికి పూనుకొన్నది. ఒక్కసారిగా ద్వారం తెరిచి ఇసుకను వెలుపలికి తోడివేస్తే సరిపోతుందని తోచవచ్చును. అయితే శతాధిక సంవత్సరాలుగా ఆ గోడలు ఇసుకతో కలసి జీవించాయి. లోపలి రాళ్ళలో ఏది తనంతట తాను నిలిచి ఉన్నదో, ఏది ఇసుకపై ఆనుకొని ఉన్నదో వెలుపలి నుండి చెప్పలేము. కనుకనే నిపుణులు తొందరపడరు. కొంత తీయడం, చూడడం, బలహీనమైన చోట కొత్త ఆసరా నిలపడం, మరికొంత తీయడం, ఇదే అటువంటి చోట శాస్త్రసమ్మతమైన మార్గం.

కోణార్క మనకు నేర్పేది రెండు మాటలు. ఊత శాశ్వత చికిత్స కాదు, కనుక దానిని తీయవలసిన రోజు ఒకటి రావాలి. ఆ రోజు రాకముందే అది ఎంత మోస్తున్నదో తెలుసుకోవాలి.

పారిస్ నగరంలో జరిగినది

మరొక దృష్టాంతం దూరదేశానిది. పారిస్ నగరంలోని నోత్రదామ్ అనే క్రైస్తవ ప్రార్థనా మందిరం మన కాకతీయుల నాటి కట్టడం వంటి వయస్సు గలది. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదంలో దాని చెక్క పైకప్పు కాలిపోయింది. ఆ సమయంలో శిఖరం మరమ్మతు కోసం చుట్టూ ఇనుప గొట్టాల పరంజా కట్టి ఉన్నది. సుమారు 40,000 గొట్టాలు, 200 టన్నుల ఇనుము. మంటల వేడికి ఆ గొట్టాలు వంగి, ఒకదానికొకటి అతుక్కొని చిక్కుముడిగా మిగిలాయి.

పరంజా భవనాన్ని మోయడానికి కట్టినది కాదు. కాని మంటల తరువాత దేనిని ఏది పట్టుకొని ఉన్నదో ఎవరూ చెప్పలేని స్థితి ఏర్పడింది. ఒక గొట్టాన్ని కోస్తే మిగతావి జారి క్రింది రాతి కప్పుపై పడవచ్చును. అందువల్ల వారు మొదట కోతపని పెట్టుకోలేదు. ముందుగా ఆ చిక్కుముడి చుట్టూ మూడు మట్టాలలో ఇనుప దూలాలతో నడికట్టు బిగించారు. ప్రక్కన మరొక కొత్త పరంజా లేపారు. తాళ్ళకు వేలాడే పనివారు పై నుండి దిగి ఒక్కొక్క ముక్కను కోయగా క్రేను దానిని పైకి తీసింది. ఈ పని 2020 జూన్‌లో ఆరంభమై నవంబరులో ముగిసింది. గోడలకు వెలుపలి నుండి ఊతమిచ్చే రాతి కమానుల క్రింద కూడా చెక్క ఆసరాలు నిలిపి, లోపలి కప్పు తిరిగి కట్టిన తరువాతనే వాటిని తొలగించారు. 2024 డిసెంబరులో మందిరం తిరిగి తెరుచుకొన్నది.

అక్కడ పని చేయించిన సూత్రం మన పల్లకి బోయీలు ఎరిగినదే. ముందు భుజం, తరువాత కర్ర.

తొలగింపు క్రమం

ఇక మన మండపానికి వద్దాము. ఏ క్రమంలో ఈ పని జరగనున్నదో మీకు తెలియడం న్యాయం. ధనం మీది, ఆలయం మీది.

మొదటిది, కొత్త భుజం సిద్ధమైనదో లేదో నిర్ధారించుకోవడం. పగిలిన దూలాన్ని శిల్పులు తుప్పుపట్టని ఉక్కు కడ్డీలతో లోపల కుట్టి అతికారు. ప్రక్క స్తంభాన్ని తూకం గుండుతో సరిచూసి తిరిగి నిలిపారు. సందులలో సున్నం దట్టించి ఇంకా నాలుగు నెలలు నిండలేదు. వర్షాకాలపు చెమ్మలో అది మరింత ఆలస్యంగా గట్టిపడుతుంది. కనుక మొదటి షరతు ఇంకా నెరవేరలేదు. ఊతలు ఇంకా ఉండడానికి ఇదే ముఖ్యకారణం.

రెండవది, ప్రతి ఊత ఎంత మోస్తున్నదో కొలవడం. ఊత ప్రక్కనే నూనె జాకీని నిలిపి మెల్లగా ఎత్తుతాము. ఊత పైన సన్నని కాగితం జారగల సందు ఏర్పడిన క్షణంలో జాకీకి అమర్చిన ముల్లు ఎంత భారం చూపుతుందో అదే ఆ ఊత మోస్తున్న భారం. ఈ కొలత ప్రతిసారీ వేకువన ఒకే వేళకు తీస్తాము. ఎండ మాయ అందులో కలియకుండా ఉండడానికి.

మూడవది, కాపలా ఊతలు నిలపడం. మోస్తున్న ఊతను వదులు చేయడానికి ముందు దాని ప్రక్కనే మరొక బలమైన ఊతను, పైదూలానికి కొద్ది మిల్లీమీటర్ల ఎడముతో నిలుపుతాము. అది ఏమీ మోయదు. దూలం అనుకోకుండా కుంగితే అక్కడ ఆగుతుంది. నా యౌవనంలో ఆ మూడవ ఊత మమ్మల్ని కాపాడడం దైవికం. ఇప్పుడు దానిని దైవానికి వదలకుండా మన చేతులతోనే ఏర్పాటు చేయడం మన ధర్మం.

నాలుగవది, వదులు చేసే విధానం. కొట్టడం లేదు, కోయడం లేదు. జాకీని వెంట్రుకవాసి ఎత్తి, చీలను చేతితో తీసి, జాకీని అర మిల్లీమీటరు చొప్పున దించుతాము. ప్రతి మెట్టు తరువాత ఆగుతాము. పూర్వం వంతెన కమానులు కట్టేవారు ఊతల క్రింద ఇసుక పెట్టెలు ఉంచేవారు. ప్రక్క రంధ్రం తెరిస్తే ఇసుక సన్నని ధారగా జారి, ఊత గడియారపు ముల్లు వలె దిగేది. రంధ్రం మూస్తే దిగడం ఆగేది. నేడు నూనె జాకీ చేసే పని అదే. దించడంలో ఎప్పుడైనా ఆగగలగాలి, అవసరమైతే తిరిగి ఎత్తగలగాలి. వెనుకకు మరలలేని అడుగు వేయకపోవడమే ఈ విద్యలోని రహస్యం.

అయిదవది, వరుస. రెండు స్తంభాల నడుమనున్న దూలానికి నడిమి ఊతతో మొదలుపెట్టి, ఇరువైపులా సమానంగా స్తంభాల వైపు జరగాలి. అప్పుడు దూలం తన సహజరీతిలో నడుమ కొంచెం వంగుతూ భారాన్ని స్తంభాలకు చేర్చుకొంటుంది. చివరల నుండి మొదలుపెట్టి నడిమి ఊతను ఆఖరుకు ఉంచితే, భారమంతా ఆ ఒక్కదానిపై కూడి, దూలం దానిపై త్రాసు వలె తిరగబడి పైవైపు పగులుతుంది. గోడ నుండి వెలుపలికి వచ్చిన చూరు బండకు మాత్రం వరుస వేరు. అక్కడ వెలుపలి అంచున మొదలుపెట్టి గోడ వైపు రావాలి. మీ ఇండ్లలో స్లాబులకు సెంట్రింగు విప్పేటప్పుడు కూడా ఈ వరుసను అడిగి తెలుసుకోండి. స్వామివారి మండపానికి ఒక శాస్త్రం, మన ఇంటి వసారాకు మరొక శాస్త్రం లేదు.

ఆరవది, కొలతలు. పాత పగులుకు అడ్డంగా సన్నని గాజు పలకను అతికించాము. రాయి వెంట్రుకవాసి కదిలినా గాజు చిట్లుతుంది. దూలం క్రింద ముల్లు గల కొలమానం ఉంచుతాము, అది మిల్లీమీటరులో నూరవ వంతును చూపుతుంది. ఎంత కుంగితే ఆగిపోవాలో ముందుగానే కాగితంపై వ్రాసి, అందరమూ సంతకం చేస్తాము. ఆ గీత దాటినప్పుడు ఆలోచించడం, తర్కించడం ఉండదు. ఆపడం, తిరిగి ఎత్తడం, అంతే. పని మధ్యలో మనిషి ఆశ మాట్లాడుతుంది. ముందు వ్రాసుకొన్న అంకె ఆశకు లొంగదు.

ఏడవది, మనుషులు. ఆ సమయంలో మండపం క్రింద పనివారు తప్ప మరెవ్వరూ ఉండరాదు. వారు కూడా అవసరమైనంత మందే. ఆజ్ఞ ఒక్కరి నోటి నుండే వెలువడాలి. కాని “ఆపండి” అనే మాట మాత్రం ఎవరైనా అనవచ్చును. కూలివాడు అన్నా ఆగవలసిందే. ఆ గ్రామంలో చీల కదలనప్పుడు మేస్త్రీ చేతికి ఆ సంగతి తెలిసి ఉంటుంది. పెద్దల ముందు, చదువుకొన్న ఇంజనీరు ముందు చెప్పడానికి అతడు సంకోచించి ఉంటాడు. ఆ సంకోచాన్ని తొలగించడం ఊతను తొలగించడం కన్న ముందు చేయవలసిన పని.

చివరిది, వేచి ఉండడం. ఒక రోజు ఒక్క ఊతనే వదులు చేస్తాము. ఆ రాత్రి గడవనిస్తాము. మరునాటి వేకువన అన్ని కొలతలు సరిచూసి రెండవదానికి వెళతాము. అన్నీ వదులైన తరువాత కూడా వాటిని వెంటనే బండికెత్తము. పైన ఒక వ్రేలి సందుతో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అక్కడే నిలుపుతాము. దూలం వాటిని తాకకుండా రెండు కాలాలు గడిపితే, అప్పుడు వాటికి సెలవు.

ఓర్పు కూడా ఒక కైంకర్యమే

ఇదంతా వింటే సుదీర్ఘంగా తోచవచ్చును. హనుమకొండ వేయిస్తంభాల గుడి మీకు తెలియనిది కాదు. 1163లో కాకతి రుద్రదేవుడు కట్టించిన ఆ ఆలయపు కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పి తిరిగి నిర్మించడానికి పూనుకొన్నారు. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, అది తిరిగి భక్తులకు అందుబాటులోకి వచ్చింది. పదునెనిమిది సంవత్సరాలు. ఆ నిరీక్షణ భక్తులకు సులభమైనది కాదు. కాని నేడు ఆ మండపంలో నిలుచున్నవారు ఆలస్యాన్ని గూర్చి తలచరు, తలపై నిశ్చలంగా ఉన్న రాతిని చూసి చేతులు జోడిస్తారు. కాకతీయులు రాతి కట్టడాల క్రింద ఇసుక నింపిన పునాదులు వేశారు. రాయిని కట్టేవాడు కాలాన్ని, కదలికను కూడా లెక్కలో చేర్చుకోవాలని ఎనిమిది వందల ఏండ్ల క్రితమే వారు ఎరిగి ఉన్నారు.

మన పని అంత సుదీర్ఘం కాదు. ధర్మకర్తల మండలి నిర్ణయం ఇది. ఈ సంవత్సరం బ్రహ్మోత్సవాలలో స్వామివారి కల్యాణం మండపంలో కాక, తూర్పు ప్రాంగణంలో చలువ పందిరి క్రింద జరుగుతుంది. ఊతలున్న రెండు అంకణాలలోకి ఎవరినీ అనుమతించరు. ఉత్సవాల అనంతరం, చలికాలపు పొడి రోజులలో, సున్నం గట్టిదనాన్ని పరీక్షించి, ఫలితం తృప్తికరంగా ఉంటేనే మొదటి ఊతను వదులు చేస్తాము. తృప్తికరంగా లేకపోతే మరల మీ ముందుకు వచ్చి ఆ మాటే చెబుతాను. తేదీని ముందుగా ప్రకటించమని నన్ను కోరకండి. ఆ తేదీని నేను కాదు, రాయి నిర్ణయించాలి.

ఈ సందర్భంగా మీ అందరికీ మూడు విన్నపాలు.

మొదటి విన్నపం: ప్రదక్షిణ సమయంలో కట్టిన త్రాడును దాటి లోనికి రాకండి. ఊతలకు ఆనుకోకండి, పిల్లలను వాటి దగ్గరకు పోనివ్వకండి, తోరణాలు, దీపాల తీగలు వాటికి కట్టకండి. కొందరు భక్తితో ఆ ఇనుప స్తంభాలకు పసుపు కుంకుమలు పెడుతున్నారు. వారి భావం ఉత్తమమైనది. కాని దగ్గరకు వెళ్ళకపోవడమే వాటికి మనం చేసే గౌరవం.

రెండవ విన్నపం: ఉత్సవ దినాలలో మండపం సమీపాన బాణసంచా, భారీ ధ్వని పెట్టెలు వద్దు. నాదస్వరం, వేదఘోష స్వామికి చాలును. ఆ అదురు చిన్నదే కావచ్చును, కాని దానిని చీలకు, లేత సున్నానికి తెలియనివ్వడం ఎందుకు?

మూడవ విన్నపం దాతలకు ప్రత్యేకించి. మీరిచ్చిన ద్రవ్యంలో కొంత భాగం జాకీల బాడుగకు, కొలమానాలకు, కాపలా ఊతలకు, పనివారి శిరస్త్రాణాలకు, నడుము పట్టీలకు, వేచి ఉండే నెలలకు ఖర్చు అవుతుంది. వీటిపై ఎవరి పేరూ చెక్కరు. పని ముగిసిన నాడు ఇవేవీ కనిపించవు. స్తంభం సమర్పించినవారి పేరు శిలాఫలకంపై ఉంటుంది, ఊతకు ఇచ్చినవారి పేరు ఉండదు. అయినా ఒక్క కూలివాని కాలు విరగకుండా, ఒక్క భక్తుని తలపై రాయి రాలకుండా పని ముగిస్తే, ఆ పుణ్యంలో మొదటి భాగం ఆ కనిపించని ఖర్చును భరించినవారిదే.

నన్ను ప్రశ్నించిన ఆ తల్లి నేడు ఈ సభలో ముందు వరుసలో కూర్చున్నారు. అమ్మా, మీ ప్రశ్నకు నా సమాధానం ఇది. కర్రల నడుమ స్వామివారి కల్యాణం జరగదు, ఈ యేడు పందిరి క్రింద జరుగుతుంది. మీరు సమర్పించిన మండపం మీ మనుమలు, మునిమనుమలు కల్యాణం తిలకించేంత కాలం నిలవాలని ఆ కర్రలు ఇంకొన్నాళ్ళు అక్కడ నిలబడి ఉన్నాయి. అవి మీకు అడ్డుగా కనిపించినప్పుడు, ఆ క్షణాన కూడా మూడు ఏనుగుల భారాన్ని మౌనంగా మోస్తున్నాయని తలచుకోండి. వాటి సేవ పూర్తి అయిన నాడు వాటిని కొట్టి పడవేయము. భారం దించుకొన్న బోయీని ఎలా ప్రక్కకు రమ్మంటామో, అలాగే మెల్లగా, చేతితో తీసి ప్రక్కన ఉంచుతాము.

స్వామివారి అనుగ్రహం పని చేసే చేతులకు స్థైర్యాన్ని, చూసే కళ్ళకు జాగ్రత్తను, వేచి ఉండే మనందరికీ ఓర్పును ప్రసాదించుగాక.

శుభం భూయాత్.